ఔషధ తయారీ ప్రాంతాలలో సూక్ష్మజీవ పరిమితులు

ఔషధాలు తయారుచేసే గదుల గాలిలోను, యంత్రాల ఉపరితలాలపైన, పనిచేసేవారి చేతి తొడుగులపైన ఎన్ని సూక్ష్మజీవుల వరకు సహించవచ్చునో తెలిపే సంఖ్యలను సూక్ష్మజీవ పర్యవేక్షణ పరిమితులు అంటారు. ఇంజెక్షన్లు, కంటి చుక్కలు వంటి క్రిమిరహిత ఔషధాల తయారీలో వీటికి ప్రాధాన్యం ఎక్కువ. మింగిన మందుతో వచ్చే క్రిములను కడుపులోని ఆమ్లం చాలావరకు అడ్డుకుంటుంది. రక్తంలోకి, వెన్నులోకి ఎక్కించే మందుకు అటువంటి అడ్డు లేదు. ఐరోపా సమాఖ్య 2022లోను, భారతదేశం 2023లోను తమ ఔషధ తయారీ నియమాలను సవరించడంతో ఈ పరిమితులను ఏ ప్రాతిపదికపై నిర్ణయించాలన్న ప్రశ్నకు ప్రాముఖ్యం పెరిగింది.

అవసరం

తయారైన సీసాలన్నింటినీ పరీక్షించడం సాధ్యం కాదు, ఎందుకంటే పరీక్షించిన సీసా ఇక వాడుకకు పనికిరాదు. పెద్ద బ్యాచ్ నుండి సాధారణంగా 20 సీసాలను మాత్రమే క్రిమిరహిత పరీక్షకు తీస్తారు. వెయ్యి సీసాలలో ఒకటి కలుషితమైన బ్యాచ్‌ను ఈ పరీక్ష పట్టుకోగల అవకాశం దాదాపు 2 శాతమే. కనుక మందును మాత్రమే కాక, అది తయారైన పరిసరాలను కూడా నిరంతరం గమనించవలసి ఉంటుంది.

కొలిచే పద్ధతులు

ఒక పద్ధతిలో గాలిని యంత్రంతో పీల్చి, అగార్ అనే పోషక పదార్థం ఉన్న పళ్ళెంపై పడేటట్లు చేస్తారు. రెండవ పద్ధతిలో 90 మి.మీ. పళ్ళెమును గరిష్ఠంగా నాలుగు గంటలు తెరచి ఉంచుతారు. మూడవ పద్ధతిలో 55 మి.మీ. పళ్ళెమును ఉపరితలానికి అద్దుతారు. తొడుగు వేసుకున్న ఐదు వేళ్ళ ముద్రలను కూడా ఇదే విధంగా అగార్‌పై తీసుకుంటారు. తరువాత ఈ పళ్ళాలను కొన్ని రోజులపాటు తగిన ఉష్ణోగ్రతలో ఉంచి, పెరిగిన కాలనీలను లెక్కిస్తారు. ఒక కాలనీ ఒకే క్రిమి నుండి పుట్టవచ్చు, క్రిముల గుంపు నుండీ పుట్టవచ్చు. అందువల్ల ఫలితాన్ని క్రిముల సంఖ్యగా కాక, కాలనీ ఏర్పరచే యూనిట్లుగా, అనగా సి.ఎఫ్.యు.లుగా చెబుతారు. అగార్‌పై పెరగని క్రిములు ఈ లెక్కలోకి రావు. కనుక సున్నా వచ్చినంత మాత్రాన ఆ గదిలో క్రిములు లేవని రుజువైనట్లు కాదు.

నియమాలలోని సంఖ్యలు

ఐరోపా సమాఖ్య ఉత్తమ తయారీ పద్ధతుల మొదటి అనుబంధం గదులను ఏ, బి, సి, డి అనే నాలుగు శ్రేణులుగా విభజించింది. 2022 ఆగస్టులో ప్రచురితమై, 2023 ఆగస్టు 25 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం గరిష్ఠ చర్యా పరిమితులు ఇవి:

* ఏ శ్రేణి: ఎటువంటి పెరుగుదల ఉండరాదు.
* బి శ్రేణి: ఘనపు మీటరు గాలికి 10, తెరచిన పళ్ళెంపై 5, అద్దిన పళ్ళెంపై 5.
* సి శ్రేణి: ఇదే వరుసలో 100, 50, 25.
* డి శ్రేణి: 200, 100, 50.

ఏ శ్రేణి విషయంలో జరిగిన మార్పు చిన్నదిగా కనిపించినా ముఖ్యమైనది. పాత నియమంలో పరిమితి "1 కంటే తక్కువ" అని ఉండేది, అది సగటు విలువ. పది పళ్ళాలలో ఒక దానిపై ఒక కాలనీ పెరిగితే సగటు 0.1 అయి, ఫలితం పరిమితిలోనే ఉన్నట్లు కనిపించేది. ఇప్పుడు ఆ ఒక్క కాలనీపై కూడా దర్యాప్తు జరగాలి. ఏ, బి శ్రేణులలో దొరికిన క్రిమిని జాతి స్థాయి వరకు గుర్తించాలి.

హెచ్చరిక స్థాయి నిర్ణయం

చర్యా పరిమితి దాటితే వెంటనే దర్యాప్తు, దిద్దుబాటు అవసరం. దానికి దిగువన ఉండే హెచ్చరిక స్థాయి, గది తన సహజ స్థితి నుండి జరుగుతున్నదని ముందుగా తెలుపుతుంది. చర్యా పరిమితికి నియమాలు గరిష్ఠ హద్దును ఇస్తాయి. హెచ్చరిక స్థాయిని మాత్రం ప్రతి కర్మాగారం తన పాత ఫలితాల ఆధారంగా నిర్ణయించుకోవాలి.

ఉదాహరణకు, ఒక సి శ్రేణి గదిలో ఏడాది పొడవునా గాలి ఫలితాలు 0 నుండి 12 వరకు వచ్చాయనుకుందాం. పరిమితి 100 కదా అని అందులో సగాన్ని, అనగా 50ని, హెచ్చరిక స్థాయిగా పెడితే, ఫలితాలు 40కి చేరినా ఎవరికీ హెచ్చరిక అందదు. గాలి వడపోత దెబ్బతిన్నా, శుభ్రపరిచే విధానం మారినా ఆ సంగతి మరుగున పడుతుంది. దీనికి బదులు 200 ఫలితాలను ఆరోహణ క్రమంలో పేర్చి, 190వ విలువను, అనగా 95వ శతాంశాన్ని, హెచ్చరిక స్థాయిగా తీసుకోవడం ఒక పద్ధతి. సగటుకు ప్రామాణిక విచలనాన్ని కలిపే పద్ధతి ఇక్కడ సరిగా పనిచేయదు. శుభ్రమైన గదులలో అధిక ఫలితాలు సున్నాలే కావడంతో అవి గంట ఆకారపు వక్రరేఖకు ఒదగవు.

అయితే పాత ఫలితాలపైనే ఆధారపడటంలోనూ ప్రమాదం ఉంది. మొదటినుండి 80, 90 వచ్చే సి శ్రేణి గదిలో ఈ లెక్క వేస్తే, ఆ మురికినే సహజ స్థితిగా అంగీకరించినట్లవుతుంది. మరోవైపు స్థాయిని మరీ తక్కువగా పెడితే రోజూ హెచ్చరికలు వచ్చి, సిబ్బంది వాటిని పట్టించుకోవడం మానేస్తారు.

2012 నాటి విషాదం

పరిమితి ఉన్నా దానిపై చర్య లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వెల్లడయింది. ఫ్రేమింగ్‌హామ్‌లోని న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ తయారుచేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో శిలీంధ్రం చేరి, 20 రాష్ట్రాలలో 753 మంది వ్యాధిగ్రస్తులయ్యారు, 60 మందికి పైగా మరణించారు. వెన్ను నొప్పికి ఇంజెక్షన్ తీసుకున్నవారు అనేకులు మెదడు పొరల వాపుకు గురయ్యారు. ఆ సంస్థ 2012లో స్వయంగా జరిపిన పర్యవేక్షణలోనే బాక్టీరియా, బూజు పలుమార్లు పరిమితిని దాటాయని, వాటిపై దర్యాప్తు జరిగినట్లు ఆధారాలు లేవని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్.డి.ఏ. తనిఖీలో తేలింది.

విమర్శలు

అంకెల పరిమితిపై కూడా అభ్యంతరాలు ఉన్నాయి. 1, 2, 3 కాలనీల మధ్య తేడా కొలత లోపం కంటే చిన్నది కావచ్చు. అందువల్ల అమెరికా ఫార్మకోపియా 1116వ అధ్యాయం, కాలనీల సంఖ్యకు బదులు నూరు నమూనాలలో ఎన్నింటిలో పెరుగుదల కనిపించిందో చూడాలని సూచిస్తుంది. మరొక సమస్య సున్నాపై మోజు. కాలనీ కనిపిస్తే బ్యాచ్ ఆగిపోతుందన్న భయం తప్పుడు నమోదులకు దారి తీయవచ్చు. పళ్ళెంపై కాలనీలు ఉండగా రికార్డులో సున్నా రాసిన సందర్భాలను ఎఫ్.డి.ఏ. తన హెచ్చరిక లేఖలలో ప్రస్తావించింది.

భారతదేశంలో పరిస్థితి

2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఔషధ నియమాలలోని షెడ్యూల్ ఎం ను సవరించింది. చిన్న, మధ్యతరహా సంస్థలకు గడువును షరతులతో 2025 చివరి వరకు పొడిగించింది. హైదరాబాదు, విశాఖపట్నం పరిసరాలలో ఇంజెక్షన్లు ఎగుమతి చేసే కర్మాగారాలు అమెరికా, ఐరోపా నియమాలను కూడా పాటించవలసి ఉంటుంది. చిన్న సంస్థలకు పరికరాలతో పాటు, ఫలితాలను విశ్లేషించగల సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులను నియమించుకోవడం కూడా భారమే. నియమంలోని సంఖ్యను గోడకు అతికించడం సులువు. ఆ సంఖ్య దాటిన రోజున ఉత్పత్తిని ఆపే అధికారం నాణ్యతా విభాగానికి ఉన్నప్పుడే అది రోగిని కాపాడుతుంది.