బరువు తగ్గడం లేదంటే అబద్ధం చెబుతున్నట్టు కాదు



కొంతకాలం కిందట మణికొండ నుంచి ఒక అమ్మాయి మా ఓపీకి వచ్చింది. ముప్పై దాటిన వయసు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో రాత్రి షిఫ్టు ఉద్యోగం. బరువు చూసే బల్ల దగ్గర ఫోను తీసి నాకు చూపించింది. ఇడ్లీ మొదలుకొని మజ్జిగ వరకు తిన్నవన్నీ క్యాలరీలతో సహా రాసుకుంది. రోజూ గంటసేపు నడుస్తోంది. అయినా నాలుగు నెలల్లో 68 కిలోల నుంచి 72 కిలోలకు వచ్చింది. నేను చీటీ మీద బరువు రాసి, "ఎక్కడో లెక్క తప్పుంటుందిలేమ్మా, ఇంకొంచెం తగ్గించి తిను" అన్నాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. ఫోను బ్యాగులో పెట్టుకుంది. ముఖం మాత్రం చిన్నబోయింది.

లోపల డాక్టరుగారు రక్తపరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ వచ్చింది. అంటే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయడం లేదు. ఇన్నేళ్లుగా నర్సుగా ఉండి ఆ రోజు నేను అడగవలసిన ప్రశ్న ఒక్కటీ అడగలేదు, తీర్పు మాత్రం చెప్పేశాను. ఆ తప్పు మీలో ఎవరూ చేయకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వ్యాయామం చేస్తూ, కొలుచుకుని తింటూ కూడా బరువు పెరుగుతున్నామని చెప్పేవారిని మనం సాధారణంగా నమ్మం. "చాటుగా తింటుంది" అంటాం. భోజనాల దగ్గర నవ్వుకుంటాం. నా అభిప్రాయంలో ఇది అన్యాయం మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ఒకసారి అవమానపడ్డ మనిషి మళ్లీ ఆసుపత్రికి రారు. జబ్బు లోపలే ఉండిపోతుంది.

అలాగని అన్నిటికీ థైరాయిడే కారణమని చెప్పను. థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే. అందులో ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పు, నీరు. మాత్రలు మొదలుపెట్టాక ఈ అమ్మాయికి రెండు కిలోలు తగ్గింది, అక్కడే ఆగింది. అప్పుడు ఆమెను కూర్చోబెట్టి ఇంటి సంగతులు, పని సంగతులు నిదానంగా అడిగాను. మొదటి రోజే చేయవలసిన పని అది.

లెక్కలో తేడా ఉన్నమాట నిజమే. అది అబద్ధం వల్ల వచ్చింది కాదు. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పిన పదిమందిని అమెరికాలో పరీక్షించి 1992లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లు రాసుకున్నది నిజంగా తిన్నదాంట్లో సుమారు సగమే. చేసిన శ్రమను మాత్రం సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా అనుకున్నారు. తరువాత 2002లో ఆహార నిపుణులైన డైటీషియన్లనే పరీక్షిస్తే, వాళ్లు కూడా రోజుకు 200 క్యాలరీలకు పైగా తక్కువ రాశారు. చదివినవారికే అలా జరిగితే మనమెంత?

మన ఇళ్లలో లెక్క తప్పేది ముఖ్యంగా నూనె దగ్గర. ఫోనులో "వంకాయ కూర ఒక కప్పు" అని నొక్కితే ఒక అంకె వస్తుంది. మీ బాణలిలో ఎంత నూనె పోశారో ఫోనుకు తెలియదు. ఒక చిన్న లెక్క చేసి చూడండి. లీటరు నూనెలో ఎనిమిది వేలకు పైగా క్యాలరీలు ఉంటాయి. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు అయిపోతే, ఒక్కొక్కరికి రోజుకు 330 క్యాలరీలకు పైనే నూనె నుంచి వస్తున్నాయి. గంటసేపు మామూలుగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250. అందుకే కప్పులు లెక్కపెట్టడం కంటే నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు కోస్తున్నారో లెక్కపెట్టండి. ఆ అమ్మాయి ఇంట్లో వంట చేసేది అత్తగారు. ఆవిడను కూడా పిలిచి ఈ లెక్క చెప్పాం. తప్పు ఎవరిదీ అనలేదు, అందుకే ఆవిడ విన్నది.

రెండవది నిద్ర. నైట్ డ్యూటీ సంగతి నర్సులకు ఒకరు చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున మూడింటికి వచ్చేది నిజమైన ఆకలి కాకపోయినా టీ, బిస్కెట్లు దిగిపోతాయి. నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. ఈ అమ్మాయి క్యాబు దిగి, నిద్ర మానుకుని మరీ నడకకు వెళ్తోంది. ముందు పడుకుని, లేచాక నడవమన్నాం.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మన నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు చేరి ఉంది. 71 మందికి ఊబకాయం. ఇంతమందికి ఒకే ఇబ్బంది ఉంటే దాన్ని ఒక్కొక్కరి తిండిపోతుతనం అనగలమా? గంటల తరబడి కూర్చోవడం, వేళ తప్పిన భోజనం, నిద్రలేమి, ఒత్తిడి అన్నీ ఇందులో ఉన్నాయి.

కాబట్టి మీ శ్రమకు ఫలితం కనబడకపోతే తిండి ఇంకా తగ్గించేముందు ఆసుపత్రికి రండి. వేసుకునే మందులన్నీ తీసుకురండి. ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు, నొప్పులకో ఆయాసానికో వాడే స్టెరాయిడ్లు బరువు పెంచుతాయి. వాటిని మీ అంతట మీరు ఆపకండి, స్టెరాయిడ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. నెలసరి క్రమం తప్పినా, నిద్రలో గట్టిగా గురక వస్తున్నా మొహమాటపడకుండా చెప్పండి. కొద్ది రోజుల్లోనే రెండు కిలోలు పెరిగి, కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం ఉంటే అది కొవ్వు కాదు, నీరు. గుండె, మూత్రపిండాలు, కాలేయం పరీక్ష చేయించాలి. ఆలస్యం చేయవద్దు.

నడక మాత్రం మానకండి. బరువు కదలకపోయినా నడక వల్ల షుగరు, బీపీ, కాలేయంలో కొవ్వు తగ్గుతాయి. రోజూ బరువు చూసుకుని దిగులుపడేకంటే నెలకోసారి టేపుతో నడుము కొలవండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

అలసిపోయి బదరీవృక్షం కింద పడిపోయిన ఏలీయా సంగతి మీకు తెలుసు. దేవదూత వచ్చి అతణ్ని గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. ప్రయాణం సంగతి ఆ తరువాతే. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఎవరైనా కనబడితే "ఏంటమ్మా, లావయ్యావు" అనే పలకరింపు మానేద్దాం. "నిద్ర బాగా పడుతోందా? పని ఎలా ఉంది?" అని అడుగుదాం. మా ఓపీలో బరువు చూసే బల్ల దగ్గర ఉండే సిస్టర్లకు కూడా ఇప్పుడు అదే నేర్పుతున్నాను.

ఆ అమ్మాయి నెలనెలా వస్తోంది. మొన్న 69 ఉంది. మొదటి రోజు నేనన్న మాటకు క్షమించమని అడిగాను. "పోనీలెండి సిస్టర్" అని నవ్వింది.

– నర్సింగ్ సూపరింటెండెంట్