నంబరు అడగని కబురు

2023 డిసెంబరు 26 రాత్రి ఉత్తర చెన్నైలోని ఎన్నూరులో కోరమాండల్ ఎరువుల కర్మాగారానికి సముద్రం అడుగున వచ్చే పైపులోంచి అమ్మోనియా లీకయింది. పెరియకుప్పం, చిన్నకుప్పం జనాన్ని లేపింది ఫోను కాదు, ముక్కు బద్దలయ్యే ఘాటు. కళ్లు మండుతుంటే పిల్లాజెల్లాతో రోడ్డెక్కారు. పదులకొద్దీ జనం ఆస్పత్రుల పాలయ్యారు.

దానికి రెండు నెలల ముందే, అక్టోబరు 20న, తమిళనాడులో ఫోన్లు గుండె ఝల్లుమనేలా మోగాయి. సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష అది. ఎస్సెమ్మెస్ కాదు. టవరు తన పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి దండోరా వేస్తుంది. ఎవరి నంబరూ దానికి అక్కర్లేదు. ఎవరు చదివారో దానికి తెలియదు. లైన్లు కిక్కిరిసినా ఆగదు, యాప్ వద్దు, డేటా వద్దు. పైగా ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. గోప్యత మీద ఇన్ని సెమినార్లు పెట్టేవాళ్లు దీని ఊసెత్తగా నేనైతే వినలేదు.

మనం నమ్ముకున్నది ఎస్సెమ్మెస్‌ని. బ్యాంకు ఓటీపీ కూడా అందులోనే. 1992లో మొదటి సందేశం వెళ్లిన నాటి నుంచీ దానికి ఈ కొస నుంచి ఆ కొస దాకా తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, లేదు. దారిలో టెలికాం కంపెనీ సర్వర్‌లో చదవొచ్చు. 2017లో జర్మనీలో దొంగలు నెట్‌వర్కుల సిగ్నలింగ్‌లోని లొసుగు పట్టుకుని, ఓటీపీలను దారి మళ్లించి ఖాతాలు ఊడ్చేశారు. ఎస్సెమ్మెస్‌కు వారసుడనిపించుకుంటున్న ఆర్‌సీఎస్ ప్రమాణంలోకి ఆ తాళం వచ్చింది 2025 మార్చిలో! వాట్సాప్‌కు 2016 నుంచే ఉంది గానీ, తాళం వేసిందీ ఇల్లు కట్టిందీ ఒకే కంపెనీ.

ఇంకో తిరకాసుంది. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే ఎస్సెమ్మెస్‌లో తెలుగైతే మామూలుగా 70 సంకేతాలే. ‘స్త్రీ’ ఒక్కదానికే ఆరు ఖర్చు. ప్రమాదవేళ పంపే హెచ్చరికను ఇంత ఇరుకులో కుక్కడమేమిటి?

ఎన్నూరు పైపులో పీడనం పడిపోతే ముందు తెలిసేది కర్మాగారం కంట్రోల్ రూముకే. అక్కడి నుంచి కబురు ఏయే బల్లల మీదుగా పోయి టవరెక్కాలో, రాత్రి డ్యూటీలో ఆ బటను నొక్కే అధికారం ఎవరిదో కుప్పాల జనానికి ముందే చెప్పి ఉంచాలి. తమిళంలో, ఉత్తర చెన్నైలో తెలుగువాళ్లున్న వీధులకు తెలుగులోనూ. సర్కారు ఇప్పుడు సర్దాల్సింది ఆ బల్లలనే. యంత్రం పరీక్ష నెగ్గి కూర్చునే ఉంది.