గోడ దూకే న్యాయం మనకు వద్దు

2022 మే నెలాఖరులో ఒక టెలివిజన్ చర్చలో అప్పటి బిజెపి అధికార ప్రతినిధి ఒకరు దైవప్రవక్త ముహమ్మద్ (స) గురించి చేసిన అనుచిత వ్యాఖ్యలు దేశంలోని ముస్లింల హృదయాలను తీవ్రంగా గాయపరిచాయి. అరబ్బు దేశాలు నిరసన తెలిపాయి. జూన్ 5న ఆ పార్టీ ఆమెను సస్పెండ్ చేసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే మలేషియాకు చెందిన డ్రాగన్‌ఫోర్స్ అనే హ్యాకర్ల బృందం భారతదేశపు వెబ్‌సైట్లపై దాడికి దిగింది. దాదాపు 70 ప్రభుత్వ, ప్రైవేటు వెబ్‌సైట్లు దెబ్బతిన్నాయని అప్పటి పత్రికలు రాశాయి. ఆ జాబితాలో ఇజ్రాయెల్‌లోని మన రాయబార కార్యాలయంతో పాటు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ 'మేనేజ్' పేరు కూడా ఉంది.

వ్యవసాయ అధికారులకు శిక్షణ ఇచ్చే ఒక సంస్థకూ, టి.వి. చర్చలో వెలువడిన ఆ వ్యాఖ్యలకూ సంబంధమేమిటి? ఆ దాడి వల్ల దైవప్రవక్త (స) గౌరవం ఏ మేరకు పెరిగింది? ఈ ప్రశ్నలు అప్పుడు గట్టిగా అడిగినవారు మనలో తక్కువ. 'మన తరఫున ఎవరో ఒకరు దెబ్బ కొట్టారు' అని లోలోపల సంతోషించిన యువకులు లేకపోలేదు. ఆ సంతోషం వెనుక ఉన్న నిస్సహాయతను మేము అర్థం చేసుకోగలం. అయితే అర్థం చేసుకోవడం వేరు, సమర్థించడం వేరు.

ఒక ఆశయం కోసమో, నిరసన కోసమో కంప్యూటర్ వ్యవస్థలపై చేసే దాడిని హ్యాక్టివిజం అంటున్నారు. కొందరు వెబ్‌సైటు ముఖపత్రాన్ని చెరిపి తమ నినాదాన్ని రాస్తారు. కొందరు వేలాది కంప్యూటర్ల నుంచి ఒకేసారి తలుపు తట్టి, ఆ వెబ్‌సైటు ఎవరికీ తెరుచుకోకుండా చేస్తారు. మరికొందరు లోపలికి చొరబడి సమాచారాన్ని బయట పడవేస్తారు. ఇది కూడా ధర్నా వంటిదేననీ, కార్యాలయం గుమ్మం ముందు బైఠాయించడానికీ దీనికీ తేడా లేదనీ వాదించేవారున్నారు. 2013 జనవరిలో అమెరికా అధ్యక్ష కార్యాలయానికి ఈ మేరకు ఒక వినతిపత్రం కూడా వెళ్ళింది.

తేడా ఉంది. ధర్నాలో కూర్చున్న మనిషికి ముఖం ఉంటుంది, పేరు ఉంటుంది. పోలీసులు వస్తే అరెస్టవుతాడు, కోర్టులో నిలబడి తన మాట చెబుతాడు. అతని త్యాగమే అతని వాదనకు బలం. ముసుగు వేసుకుని పరాయి దేశం నుంచి మీట నొక్కేవాడు ఏ మూల్యమూ చెల్లించడు. ఆ మూల్యం చెల్లించవలసి వచ్చేది ఇక్కడున్న మన పిల్లలే.

అన్యాయాన్ని బయటపెట్టడం తప్పా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. ఎడ్వర్డ్ స్నోడెన్ 2013లో అమెరికా నిఘా వ్యవస్థ రహస్యాలను బయటపెట్టాడు. ఆ పత్రాల వల్లనే అక్కడి ముస్లిం నాయకుల ఈమెయిళ్ళపై కూడా నిఘా ఉన్నదని 2014లో లోకానికి తెలిసింది. కాని ఆయన ఎవరి వెబ్‌సైటునూ కూలగొట్టలేదు. తన పని ద్వారా తన చేతికి వచ్చిన పత్రాలను పాత్రికేయులకు అప్పగించి, కొద్ది రోజుల్లోనే తన పేరూ ముఖమూ తానే ప్రకటించాడు. పౌరుల టెలిఫోన్ వివరాలను మూకుమ్మడిగా సేకరించడం చట్టసమ్మతం కాదని 2015లో అమెరికా అప్పీలు కోర్టు ఒకటి తీర్పునిచ్చింది. బాధ్యతతో చేసిన బహిర్గతం కోర్టు దాకా నడవగలదు. ముసుగు దాడి అక్కడికి చేరదు.

మన చట్టం ఏమంటున్నదో తల్లిదండ్రులు తెలుసుకోవాలి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడం, దాని పనిని అడ్డుకోవడం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో అదే పని చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ జైలు, 5 లక్షల రూపాయల జరిమానా వరకు శిక్ష పడవచ్చు. దేశ భద్రతకు ముప్పు తలపెట్టారని ఆరోపిస్తే 66-ఎఫ్ సెక్షన్ ఉంది. సైబర్ ఉగ్రవాదం అనే ఆ నేరానికి యావజ్జీవ ఖైదు వరకు శిక్ష ఉంది. ఆ పదం ఏ పేర్లున్న పిల్లల మీద ముందుగా పడుతుందో మన పాఠకులకు మేము వివరించనక్కరలేదు.

చట్టానికి భయపడి మాత్రమే ఈ మాట అనడం లేదు. మన ధర్మం కూడా ఇదే చెబుతున్నది. ఇతరుల గుట్టు కూపీ లాగడాన్ని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో నిషేధించింది. అనుమతి తీసుకుని, సలాం చెప్పి గాని పరుల ఇళ్ళలో ప్రవేశించరాదని నూర్ సూరాలో ఆదేశించింది. హజ్రత్ ఉమర్ (రజి) గారి ఉదంతం మనలో చాలామంది విన్నదే. ఒక రాత్రి మదీనాలో గస్తీ తిరుగుతూ ఆయన ఒక ఇంటి గోడ ఎక్కి, లోపల ఒక వ్యక్తి మద్యంతో ఉండగా పట్టుకున్నారు. నేను ఒక తప్పు చేశాను, మీరు మూడు చేశారు అన్నాడట ఆ వ్యక్తి: కూపీ లాగవద్దంటే లాగారు, ద్వారం గుండా రమ్మంటే గోడ ఎక్కారు, అనుమతి లేకుండా రావద్దంటే వచ్చారు. ఆ మహా ఖలీఫా ఆ మాటను అంగీకరించి, అతన్ని విడిచిపెట్టి వెళ్ళిపోయారు.

ఈ ఉదంతంలో రెండు పాఠాలున్నాయి. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన గోడ దూకడం ధర్మం కాదు. ఇది హ్యాకర్‌కు వర్తించే పాఠం. దూకినవాడు రాజ్యాధినేత అయినా నియమం మారదు. ఇది ప్రభుత్వానికి వర్తించే పాఠం. ఈ రెండో పాఠాన్ని గట్టిగా చెప్పే నైతిక అర్హత మొదటిదాన్ని పాటించినవారికే ఉంటుంది.

ఇప్పుడు ప్రభుత్వం ఎక్కుతున్న గోడల సంగతి చూద్దాం. సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షన్ కింద ఎవరి కంప్యూటర్ సమాచారాన్నైనా అడ్డగించి చూడమని ఆదేశించే అధికారం హోం కార్యదర్శులకు ఉంది. 2018 డిసెంబరు 20న కేంద్రం 10 సంస్థలకు ఈ పని అప్పగించింది. కోరేది అధికారి, అనుమతించేది అధికారి, తర్వాత సమీక్షించేదీ అధికారుల సంఘమే. ఈ వరుసలో న్యాయమూర్తి ఎక్కడా లేడు. పాత కాలపు సర్కారు కార్యాలయాల్లో పనిచేసినవారికి గుర్తుండే ఉంటుంది: ఒక్క కాగితం బీరువా దాటాలన్నా నోటు ఫైలు, సంతకం, తేదీ ఉండేవి. ఎవరు అడిగారో, ఎవరు ఇచ్చారో రిజిస్టరు చెప్పేది. ఇప్పుడు లక్షల మంది వివరాలు ఒక్క మీటతో చేతులు మారుతుంటే, ఆ జాడ పౌరునికి ఎక్కడా కనిపించదు.

హైదరాబాద్ సంగతే తీసుకోండి. ముఖాన్ని గుర్తుపట్టే సాంకేతికతను తెలంగాణ పోలీసులు 2018 నుంచి తమ టిఎస్‌కాప్ యాప్‌లో వాడుతున్నారు. ఇందుకోసం ప్రత్యేకంగా శాసనసభ చేసిన చట్టం లేదు. 2021లో పాతబస్తీ ప్రాంతపు సామాజిక కార్యకర్త ఒకరిని రోడ్డుపై ఆపి, కోవిడ్ మాస్కు తీయమని, ఫోటో తీసుకున్నారు. ఆయన రాయి విసరలేదు, వెబ్‌సైటు కూల్చలేదు. లీగల్ నోటీసు పంపి, హైకోర్టుకు వెళ్ళారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. మన యువకులు ఆదర్శంగా తీసుకోవలసిన మార్గం ఇది.

ఇంతగా సేకరించిన సమాచారానికి తాళమైనా సరిగా ఉందా? 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల 'హాక్ ఐ' యాప్ సమాచారం చోరీ అయింది. ఆపదలో ఉన్న మహిళలు సహాయం కోరే సదుపాయం ఉన్న యాప్ అది. దాన్ని ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టాడంటూ ఒక విద్యార్థిని అరెస్టు చేశారు. దొంగను పట్టుకున్నారు, సంతోషమే. అయితే తలుపు బలహీనంగా ఉంచినవారిని ఎవరు ప్రశ్నిస్తారు?

చట్టాలు కఠినంగా ఉంటే చాలు, మనకు రక్షణ దొరుకుతుందనుకోవడమూ పొరపాటే. 2021 జులైలో 'సుల్లీ డీల్స్' పేరుతో ముస్లిం మహిళల ఫోటోలను ఇంటర్నెట్‌లో వేలం సరుకుగా పెట్టారు. అప్పుడు కూడా ఇవే చట్టాలున్నాయి. ఆరు నెలల వరకు అరెస్టులు లేవు. 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేరుతో అదే అకృత్యం మళ్ళీ జరిగి, దేశమంతా గగ్గోలు పుట్టాక గాని పాత కేసు కదలలేదు. అందువల్ల చట్టం ఉండటం ఎంత ముఖ్యమో, అది అందరికీ సమానంగా నడిచేలా వెంటపడటం అంతే ముఖ్యం.

ఈ పోరాటంలో మనకు గట్టి ఆధారమే ఉంది. రాత్రివేళ పోలీసులు తలుపు తట్టే పద్ధతిని ఖరక్ సింగ్ అనే సామాన్యుడు సవాలు చేసిన కేసులో 1962లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టివేసింది కాని, గోప్యత హక్కును గుర్తించలేదు. వ్యక్తిగత స్వేచ్ఛలో గోప్యత అంతర్భాగమని ఆనాడు భిన్నాభిప్రాయం రాసినది రాజమహేంద్రవరంలో పుట్టిన మన తెలుగువాడు, జస్టిస్ కోకా సుబ్బారావు. ఆ మాట నిలబడటానికి 55 ఏళ్ళు పట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. సామాజిక మాధ్యమాల్లో రాతలకు జైలుకు పంపిన 66-ఎ సెక్షన్‌ను 2015లో రద్దు చేయించినది కూడా ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని మొదలుపెట్టిన వ్యాజ్యమే.

కాని హక్కు ప్రకటించగానే పని ముగియలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 17వ సెక్షన్ ద్వారా, కేంద్రం కోరుకున్న ప్రభుత్వ సంస్థను భద్రత, శాంతిభద్రతల పేరిట ఆ చట్టం నుంచి మినహాయించవచ్చు. అదే చట్టం సమాచార హక్కు చట్టాన్ని సవరిస్తూ, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో అధికారులు జవాబు నిరాకరించే వీలు కల్పించింది. పౌరుని ఇంటికి కిటికీ, ప్రభుత్వానికి తెర!

అందుకే మా డిమాండ్లు స్పష్టంగా ఉన్నాయి. నిఘా ఆదేశానికి ముందుగా న్యాయమూర్తి అనుమతి తప్పనిసరి చేయాలి. చట్టం లేకుండా ముఖ గుర్తింపు సాంకేతికతను వాడకూడదు. భద్రతా లోపాన్ని సద్బుద్ధితో సంబంధిత సంస్థకు తెలియజేసేవారికి నేటి చట్టంలో స్పష్టమైన రక్షణ లేదు, అది కల్పించాలి. 17వ సెక్షన్ మినహాయింపులకు హద్దులు గీయాలి.

మన వంతు పని కూడా ఉంది. ప్రతి మొహల్లా కమిటీ తన ప్రాంతపు కెమెరాల గురించి సమాచార హక్కు దరఖాస్తు వేయాలి. ఎన్ని ఉన్నాయి, ఏ చట్టం కింద పెట్టారు, చిత్రాలను ఎన్నాళ్ళు ఉంచుతారు అని అడగాలి. నిరాకరిస్తే అప్పీలు చేయాలి. ఆడపిల్లల ఫోటోలు దుర్వినియోగమైతే పరువు పేరుతో దాచకుండా ఆధారాలను భద్రపరచి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయించాలి. హ్యాకర్ల పిలుపులను ఫార్వర్డ్ చేయవద్దని పిల్లలకు నచ్చజెప్పాలి. కంప్యూటర్ నైపుణ్యం ఉన్న పిల్లవాణ్ణి కసురుకోకుండా, భద్రతా నిపుణుడిగానో సైబర్ చట్టాలు తెలిసిన న్యాయవాదిగానో తీర్చిదిద్దాలి. వారి అవసరం మన సమాజానికి ఎంతో ఉంది.

ఈ దారి నిదానమైనది. సుబ్బారావు గారి మాటకే అర్ధశతాబ్దం పైన పట్టింది. అయినా ఆ తీర్పును ఈనాడు ఏ పౌరుడైనా ఏ కోర్టులోనైనా చూపించవచ్చు. 2022లో కూల్చిన వెబ్‌సైట్లు మళ్ళీ తెరుచుకున్నాయి, ఆ దాడి వల్ల మనకు ఒక్క హక్కూ రాలేదు. ద్వారం గుండానే వెళదాం, తలుపు తెరిచేదాకా తడుతూనే ఉందాం. ఇన్‌షా అల్లాహ్, అది తెరుచుకుంటుంది.