మంచు దూరం.. వేడినీళ్లు దగ్గర

మా శ్రీకూర్మంలో ‘మంచు పడతంది, తలకి గుడ్డ కట్టుకోరా’ అని అమ్మ అందంటే అది ధనుర్మాసం పొద్దుటి పొగమంచు. గడ్డి మీద నీటిచుక్కా మంచే, హిమాలయాల మీద గడ్డకట్టిందీ మంచే. మాట ఒకటే అయినందుకేమో, మనవాళ్లకి అసలు మంచు చూడాలన్న యావ కాస్త ఎక్కువ. దానికి తోడు రీల్స్! జపాన్‌లో నడుంలోతు మంచు, మధ్యలో పొగలు కక్కే గుండం, అందులో మెడదాకా మునిగి కళ్లు మూసుకున్న మనుషులు. మీరూ సేవ్ చేసుకునే ఉంటారు. మేం నలుగురం చేసుకున్నాం.

డిసెంబర్లో ఒకరోజు స్కీయింగ్, ఒక రాత్రి వేడినీటి స్నానం. ప్లాన్ వేసే డ్యూటీ ఎప్పట్లాగే నాకే పడింది. వారం రోజులు ఫోన్‌లో తవ్వాను.

టోక్యోలో బుల్లెట్ ట్రైన్ ఎక్కితే గంటా ఇరవై నిమిషాల్లో ఎచిగో-యుజావా. దాని పక్కనే గాలా-యుజావా స్టేషన్. ఇది చలికాలం సీజన్లోనే తెరుస్తారు. రైలు దిగిన బిల్డింగ్‌లోనే స్కీలు, బూట్లు, కోటు, ప్యాంటు అన్నీ అద్దెకిస్తారు. అక్కడే గొండోలా ఎక్కి కొండ మీదికి పోవడమే. 1968లో నోబెల్ అందుకున్న కవబాత తన ‘యుకిగుని’ నవలకి నేపథ్యంగా తీసుకున్నది ఈ యుజావానే. ఆ మాటకి మంచుదేశం అని అర్థం.

అంత మంచు అక్కడే ఎందుకంటే, సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీద తేమ తాగి, ఎదురొచ్చిన కొండలెక్కి అక్కడే కుమ్మరించేస్తుంది. మనకీ సముద్రముంది. మనకది తిత్లీని పంపింది. 2018 అక్టోబర్లో మా జిల్లాలో తీరం దాటి జీడితోటల్నీ, కొబ్బరిచెట్లనీ పడుకోబెట్టి పోయిందే, అది.

ఇక స్నానం సంగతి. జపాన్ వాళ్లకి దీనికో చట్టమే ఉంది. 1948 నాటిది. నేలలోంచి వచ్చే నీళ్లు 25 డిగ్రీలుంటే చాలు, ‘ఒన్సెన్’ కింద లెక్క. ఈ లెక్కన వేసవిలో మా ఊరి బోరునీళ్లకి కూడా బోర్డు పెట్టొచ్చేమో! గుండంలో దిగే ముందు బయట కూర్చుని సబ్బుతో ఒళ్లంతా రుద్ది కడుక్కోవాలి. ఒంటిమీద నూలుపోగు ఉండకూడదు. టాటూలుంటే చాలాచోట్ల రానివ్వరు. ఇది గ్రూపులో పెట్టగానే, చేతినిండా హీరో బొమ్మ పొడిపించుకున్నవాడు ‘ఏటిరా, గుడ్డల్లేకుండానా? నాన్రాను బాబూ’ అని పది ఏడుపు బొమ్మలు పెట్టాడు.

తర్వాత ఖర్చు పెట్టాను. విశాఖ నుంచి సింగపూర్ మీదుగా విమానం, ఈ-వీసా, రైలు, బస, స్కీ అద్దె కలిపితే మనిషికి లక్షన్నర దాటింది. ఇద్దరు బొటనవేలు చూపించారు. మూడోవాడికి బ్లూ టిక్ పడింది, మాట లేదు.

వాడు వెల్డర్. సంక్రాంతి వెళ్లాక గల్ఫ్ పోతున్నాడు, రెండేళ్ల కాంట్రాక్టు. ఏజెంటుకి కట్టిన డబ్బు వడ్డీకి తెచ్చిందని మాకు తెలుసు. రాత్రి పదకొండు దాటాక మెసేజ్ వచ్చింది: ‘మీరెల్లండ్రా. నాకు సలి పడదు.’ చలి పడనివాడు ధనుర్మాసంలో చెరువులోకి మాకంటే ముందు దూకుతాడు!

‘మనం ముగ్గురం వేసుకుందాం, తర్వాత ఇస్తాడులే’ అన్నాడు టాటూ బాబు. వద్దన్నాను. ఎడారి ఎండలో వెల్డింగ్ చేసి తీర్చాల్సిన బాకీల్లో స్కీయింగ్ కూడా ఎందుకు? పోనీ ఊరికే తీసుకెళ్దామంటే వాడు రాడు. వాడి గురించి నాకు తెలుసు. వాడు వెళ్లేలోపు నలుగురం కలిసి తిరగాలన్నదే అసలు సంగతి. జపాన్ ఎక్కడికీ పోదు.

మళ్లీ మ్యాప్ తెరిచాను. మనాలీ దగ్గర సోలంగ్‌లో స్కీయింగ్, వశిష్ఠ్‌లో వేడినీళ్లు రెండూ ఉన్నాయి గానీ, రైల్లో పోయి వచ్చేసరికే సెలవులు అయిపోతాయి. లంబసింగి అందరం చూసేశాం. అప్పుడు కంటబడింది తప్తపాణి.

ఒడిశా గంజాం జిల్లా. టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం దాటి బరంపురం, అక్కణ్ణుంచి సుమారు 50 కిలోమీటర్లు. బరంపురందాకా భాష ఇబ్బందే లేదు, తెలుగువాళ్లు బోలెడుమంది. అడవికొండల మధ్య గంధకం ఊట. ఊట దగ్గర అమ్మవారికి పూజలు, ఆ నీళ్లు మళ్లించిన కొలనులో స్నానాలు. బట్టలతోనే! ఒడిశా టూరిజం బస కూడా ఉంది.

ఇంకాస్త ముందుకెళ్తే గజపతి జిల్లా చంద్రగిరి. 1959 తర్వాత మంచుకొండలు దాటి వచ్చిన టిబెటన్లకి 1963లో ఇక్కడ చోటిచ్చారు. జీరంగ్‌లో వాళ్లు కట్టుకున్న పెద్ద బౌద్ధ మఠాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. చలికాలం మన టౌన్లలో స్వెట్టర్లు పరిచి అమ్మే టిబెటన్లని చూసుంటారుగా, అలాంటి మంచుదేశం మనుషుల ఊళ్లు మనకి ఇంత దగ్గర. స్కీయింగ్ లేదు, నిజమే. థుక్పా ఉంది.

రెండురోజులకి మనిషికి రెండువేల ఐదొందలని గ్రూపులో పెట్టాను. ఈసారి బ్లూ టిక్ పడ్డ నిమిషంలో జవాబు: ‘కారు నాను తోల్తాను. డీజిలు మీరు కొట్టండి.’

రెండో శనివారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరుతున్నాం. దారిలో టిబెటన్ల దగ్గర స్వెట్టరు కనిపిస్తే ఆపాలట. గల్ఫ్‌లో స్వెట్టరెందుకురా అంటే, వాళ్లమ్మ సైజు చెప్పాడు.