మల్బరీ జెల్లీ గట్టిపడాలంటే

మల్బరీ అంటే మా వైపు పట్టుపురుగుల మేత. హిందూపురం, మదనపల్లె చుట్టుపక్కల తోటలు తోటలుగా వేస్తారు. ఆకు కోసం ఎప్పటికప్పుడు కత్తిరించేస్తారు కాబట్టి ఆ తోటల్లో పండు కనబడేది తక్కువే. అదే ఒక కొమ్మ తెచ్చి పెరట్లో గుచ్చి వదిలేశారనుకోండి, చెట్టయి విరగకాస్తుంది. మా పెరట్లో జరిగింది అదే.

ఆ చెట్టంటే మా అత్తగారికి పడదు. పక్కనే బట్టలారేసే తీగ మరి. పండు రాలితే ఒక మరక, పిట్టలు తిని రెట్ట వేస్తే ఇంకో మరక. పోయిన ఏడాది ఆవిడ తెల్ల నూలుచీర పాడయ్యాక, "కొట్టించేయండమ్మా ఆ చెట్టు. దేనికి పనికొస్తాండాది అది?" అన్నారు. "జెల్లీ చేసి చూపిస్తానత్తయ్యా" అని నోరు జారాను.

చేశాను. రాత్రి సీసాలో పోస్తే తెల్లారేసరికి షర్బత్తులా అటూ ఇటూ ఊగుతోంది. మళ్లీ పొయ్యెక్కించాను. ఈసారి జీళ్లపాకమై గరిటెను పట్టుకుని వదల్లేదు. కిలో పంచదార దండగ. అత్తగారు ఒక్క మాట అనలేదు. అంటేనే నయంగా ఉండేది.

తప్పు ఎక్కడో తర్వాత తెలిసింది. జెల్లీకి పంచదార, పులుపు ఉంటే చాలదు, పండులో పెక్టిన్ అనే జిగురు పదార్థం కూడా ఉండాలి. జామకాయలో అది దండిగా ఉంటుంది. అందుకే జామ జెల్లీ కొత్తవాళ్లు చేసినా కుదురుతుంది. మల్బరీలో తక్కువ. బాగా మాగి నల్లబడిన పళ్లలో మరీ తక్కువ. నేనేమో తియ్యగా ఉంటాయని ఏరి ఏరి నల్లవే వేశాను!

ఈ ఏడాది జామకాయను తోడు తెచ్చుకున్నాను. కిలో మల్బరీ పళ్లలో పావు వంతు ఇంకా ఎర్రగా ఉన్నవే కోశాను. తొడిమలు తీయక్కర్లేదు, ఎలాగూ వడకడతాం. కడిగి, కప్పు నీళ్లు పోసి, ఇరవై నిమిషాలు మెదుపుతూ ఉడికించాలి. అరకిలో దోరజామకాయల్ని ముక్కలు చేసి, మునిగేటన్ని నీళ్లలో అరగంట విడిగా ఉడికించాలి. రెండూ కలిపి గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీయండి. తొందరపడి పిండారో, జెల్లీ మసకబారుతుంది.

దిగిన రసాన్ని కొలిచి, కప్పు రసానికి ముప్పావు కప్పు పంచదార, మొత్తానికి రెండు నిమ్మకాయల రసం వేసుకోవాలి. గిన్నె వెడల్పాటి స్టీలుది కావాలి. పులుపు కాబట్టి అల్యూమినియం వద్దు. సగానికి మించి నింపొద్దు, పాలలా పొంగుతుంది. పంచదార కరిగాక మంట పెద్దది చేసి, నురుగు తీస్తూ మరగనివ్వండి.

అసలు కిటుకు దించే వేళలో ఉంది. గరిటె ముంచి పక్కకు వంచి చూడండి. మొదట చుక్కలు చుక్కలుగా రాలుతుంది. కాసేపటికి రెండు చుక్కలు ఒకదానికొకటి కలిసి రేకులా జారిపడతాయి. వెంటనే దించేయాలి. ఇంకో రెండు నిమిషాలు చూద్దామనుకుంటే నా జీళ్లపాకమే మీకూను. అనుమానముంటే ఫ్రిజ్‌లో చల్లబరిచిన పళ్లెంలో ఒక చుక్క వేసి, వేలితో నెట్టండి. ముడతపడితే అయినట్టే.

నీళ్లలో మరగబెట్టి ఆరబెట్టిన సీసాల్లో వేడిగా ఉన్నప్పుడే పోసి, తెల్లారేదాకా కదపకుండా ఉంచాలి. చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

మర్నాడు పొద్దున సీసా వంచితే జెల్లీ కదల్లేదు. అత్తగారు చపాతీకి రాసుకుని తిని, ఇంకో చపాతీ వేయమన్నారు. చెట్టు మాట ఎత్తలేదు. మధ్యాహ్నం మావారితో చెప్పి బట్టల తీగ వాకిలి వైపుకు మార్పించారు.

అన్నట్టు, మల్బరీ మరకకు సబ్బు పెడితే నీలంగా తిరుగుతుంది. మరక తడిగా ఉండగానే చన్నీళ్లతో జాడించి, నిమ్మరసం రుద్ది, ఆ తర్వాతే సబ్బు పెట్టండి. ఆరిపోయిన మరకకు నాకు మందు దొరకలేదు. ఈసారి నేను రసం వడకట్టిన గుడ్డ, అత్తగారి ఆ తెల్లచీర ముక్కే.