చేరినదను మాట

మా పొరుగున నుండు తాపీమేస్త్రి తన తల్లి కండ్లద్దములకై వేచియుండెను. "పార్సెలు నేడు చేరును" అని ఉదయమున ఫోనునకు వర్తమానము వచ్చినది. అతడు ఆనాటి పని మానుకొని వాకిట కూర్చుండెను. సాయంకాలమున "అందజేయబడినది" అని మరియొక వర్తమానము వచ్చినది. వాకిటికి మాత్రము ఎవరును రాలేదు. కండ్లద్దములు మూడవనాడు చేరినవి. పోయిన కూలి చేరలేదు.

ఇట్లేల జరుగును? పార్సెలుపై నల్లని గీతల బార్‌కోడు ఉండును. ప్రతి మజిలీయందును దానిని యంత్రముతో చదివింతురు. ఆ నమోదే వర్తమానమై మనకు వచ్చును. గడువు దాటునను భయమున ఇల్లు చేరకమునుపే మీట నొక్కినచో, అబద్ధమే నిజముగా నమోదగును.

ఒకే పేరుగల ఊళ్ల నడుమ ఉత్తరములు దారి తప్పకుండుటకై 1972 ఆగష్టు 15న మన దేశమున ఆరంకెల పిన్‌కోడు ప్రవేశపెట్టబడినది. అంకెలు దారి చూపగలవు. నిజము పలుకుట మనుష్యుని వంతు.

తప్పంతయు తెచ్చువానిపై మోపుట న్యాయము కాదు. ఆలస్యమును దండించి అబద్ధమును ఉపేక్షించు పద్ధతియే మొదటి దోషి. గ్రహీత తలుపునొద్ద చెప్పిన రహస్యసంఖ్య నమోదైన పిమ్మటనే "అందినది" అని వ్రాయు పద్ధతి కొన్నిచోట్ల కలదు. అది అంతటను రావలెను.

"రేపు వచ్చును" అని నిజము చెప్పియున్నచో మేస్త్రి పనికి పోయియుండెడివాడు. బాలలారా! ఆలస్యమును సహింపవచ్చును. మాట నమ్మినవాని దినమును వ్యర్థము చేయుట సహింపరాదు.