ఎదుట కూర్చుని విన్న పాట

రికార్డు ఉండగా గాయకుని వద్దకే వెళ్లి వినడం వృథా వ్యయమని కొందరు మిత్రులంటారు. మేమూ ఒకప్పుడు అట్లే తలచేవారము. 2011 ఫిబ్రవరిలో ముంబయి బాంద్రాలో, 'మదర్ ఇండియా' నిర్మాత మెహబూబ్ ఖాన్ కట్టించిన స్టూడియోలో, అమెరికన్ బ్లూస్ గాయకుడు బడ్డీ గై కచేరీ విన్న పిదప ఆ అభిప్రాయం మార్చుకున్నాము.

అప్పటికి ఆయన వయస్సు 74. లూసియానా రాష్ట్రంలో పాలుకు పత్తి సేద్యం చేసే నల్లజాతి కుటుంబంలో 1936లో జన్మించి, 1957లో షికాగో చేరాడు. చుక్కల కారులో తిరిగివస్తానని తల్లికి చెప్పి బయలుదేరాడట. ఆ కారు చూడకనే ఆమె 1968లో కన్నుమూసింది. ఆ మాటకు గుర్తుగానే ఆయన గిటారుపై నేటికీ చుక్కలున్నవి.

1960 దశకంలో ఆయన పాటలు రికార్డు చేసిన చెస్ సంస్థవారికి, ఆయన వేదికపై వాయించే తీరు వట్టి గోలగా తోచింది. కనుక ఆ తీరును వారు రికార్డులలోకి రానీయలేదు. ఆ గోలనే ఎదుట నిలిచి విన్న జిమీ హెండ్రిక్స్, ఎరిక్ క్లాప్టన్ వంటి యువకులు దానిని రాక్ సంగీతానికి ప్రాణంగా స్వీకరించారు. రికార్డునే నమ్మినవారికి ఆ నిధి చాలాకాలం అందలేదు గదా!

మాకు ఆంగ్లపు పలుకుబడి పూర్తిగా బోధపడలేదు. అయినా గొంతు గుసగుసగా తగ్గి, ఒక్కసారిగా ఆక్రోశమై లేచినప్పుడు, పత్తిచేల శ్రమ, వర్ణవివక్ష తెచ్చిన వేదన మా గుండెకు తాకినవి. సభ నిశ్శబ్దమైతే ఆయన వాద్యమూ మెత్తబడేది. సభ ఉప్పొంగితే ఆయనా ఉప్పొంగేవాడు.

ఇది మనకు కొత్త కాదు. ముషాయిరాలో శ్రోత 'ముకర్రర్' అంటే కవి ఆ షేర్‌ను మరల చదువుతాడు. హరికథలో సభ్యుల ముఖాలు చూచి దాసుగారు పిట్టకథ పెంచుతారు. రికార్డు ఎవరి మొర ఆలకిస్తుంది?

వ్యయం మాట నిజమే. విదేశీ గాయకులను పిలిపించమని మేము కోరడం లేదు. వార్షికోత్సవాన మైకుసెట్టులో సినిమా రికార్డులు మోగించే ఆ రెండు గంటలలో ఒక గంట ఒక వృద్ధ కవ్వాలుకో, బుర్రకథ కళాకారునికో ఇవ్వవలసినదని కళాశాల సంఘానికి మనవి చేస్తున్నాము. పండిన గొంతులు మన ఊళ్లలోనూ ఉన్నవి. అవి మూగబోకముందే మనం వెళ్లి ఎదుట కూర్చోవాలి.